కాలర్ కింద ఎర్రముడి

ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ కాలరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకి సరిగా వినపడదు, కాబట్టి అదెలా వచ్చిందో ముందే చెప్పుకోవాలి. యుద్ధం నడిచిన నాలుగేళ్ళూ ఆవిడ సిపాయిల చొక్కాలకి కాలర్లు కుట్టింది. యుద్ధం అయిపోయాక అవే చొక్కాలు మూటలు మూటలుగా తిరిగొస్తే, అదే హాల్లో, అదే కిటికీ పక్కన కూర్చుని ఐదేళ్ళపాటు కాలర్లు విప్పింది. కట్టడం కష్టం, కూల్చడం సులువు అని లోకం అంటుంది గానీ, ఆ మాట అన్నవాడెవడూ మిలిటరీ కుట్టు విప్పి ఉండడు. రెండు వరసలు కుట్టి, వాటి మీద అడ్డంగా ఇంకో వరస వేసేవాళ్ళు. తూటా తగిలి తూట్లు పడిన చొక్కాకి కూడా కాలర్ మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. ఆవిడ పనితనం అలాంటిది. దాన్ని చూసి మురిసిపోయే రోజులు మాత్రం కావవి.

మనిషి పొట్టి, నోరు మాత్రం పొట్టిది కాదు. సూపర్‌వైజరు చేతిలో గడియారం పట్టుకుని వెనక నిలబడితే, "బాబూ, నీ గడియారం నడుస్తోంది సరే, నువ్వూ కాస్త నడువు, వెలుతురుకి అడ్డం" అనేది. ఆయన నడిచేవాడు. అంత మంచి కాలర్లు కుట్టే మనిషితో గొడవెందుకని ఆయన ఉద్దేశం.

భర్త ఎప్పుడో పోయాడు. రొట్టెల దుకాణం మీద ఒంటి గదిలో ఉంటూ, ఒక్కగానొక్క కొడుకుని పెంచి పెద్దచేసి నీటి పంపుల ఫిట్టరుని చేసింది. వాడికి ఒక దురలవాటు, మెట్లు ఎప్పుడూ రెండేసి ఎక్కేవాడు. పడి పళ్ళు రాలగొట్టుకుంటావురా అని ఆవిడ రోజూ తిట్టేది. వాడు ఒక్కసారీ పడలేదు. పక్క సందులో కవర్లు అంటించుకుని బతికే ఒక పిల్లని ఇష్టపడి చేసుకున్నాడు. ఆ పిల్లకి నా అన్నవాళ్ళు లేరు, పిన్ని ఇంట్లో మాటలు పడుతూ పెరిగింది. గది ఒకటే కాబట్టి మధ్యలో దుప్పటి తెర కట్టారు. ఆరు నెలలు తిరగకుండానే సైన్యం నుంచి వాడికి పిలుపొచ్చింది.

ఆ ఊరి కుర్రాళ్ళకి బట్టలు ఫ్యాక్టరీ స్టోరు నుంచే కొలతలు చూసి ఇచ్చేవాళ్ళు. కాలరమ్మ మధ్యాహ్నం తిండి మానుకుని, కొడుకు చొక్కా మొదటి కుట్టు నుంచి ఆఖరి బొత్తాం దాకా తానే కుట్టింది. చివర్లో ఏమనిపించిందో, సైజు చీటీలు కట్టడానికి ఉంచిన ఎర్రదారం తీసి, కాలర్ వెనక్కి తిప్పి, మెడ వెనక మధ్యన పడే చోట మూడు కుట్లు వేసి ముడేసింది. ఆవగింజంత ముడి. తడిమితే తప్ప తెలియదు. ఖాకీ దారం తప్ప ఇంకో దారం పడితే ఉద్యోగం ఊడుతుంది. తెలిసే వేసింది.

స్టేషన్లో రైలు వెళ్ళిపోయాక కోడలు అక్కడే నిలబడిపోయింది. అప్పుడు కాలరమ్మ ఆ పిల్ల భుజం పట్టుకుని చెప్పింది ఈ మాట.

"వాడి కాలర్ కింద ఎర్రముడి వేశానమ్మాయ్. ఈ ప్రపంచంలో వాడొక్కడి చొక్కాకే ఉంది అది. వాడికేం కాదు."

ఆ రోజుకి అది అక్షరాలా నిజం. పది రోజులు తిరిగేసరికి కాకుండా పోయింది.

కాలర్ల బల్లకి పెద్ద ఒకావిడ ఉండేది. గోడ గడియారం చూడకుండానే సైరన్ ఎప్పుడు మోగుతుందో నిమిషంతో సహా చెప్పేది, అందుకని గడియారం అని పిలిచేవాళ్ళు. ఆవిడ కళ్ళు ముడి మీద పడనే పడ్డాయి. ఏమీ అనలేదు. వారం తర్వాత తన కొడుక్కి పిలుపొచ్చినప్పుడు మాత్రం, నీ కొడుక్కేనా అక్కా, మా వాడూ ఒక తల్లి కన్నవాడే కదా అంది. కాలరమ్మకి సిగ్గేసింది. మరి పక్క సీటావిడ తమ్ముడో? ఆ పక్కావిడ మొగుడో? వీళ్ళెవరూ లేని ఒంటరి సిపాయి మాటేమిటి, వాడి చొక్కాకి ఎవరు వేస్తారు? అలా అలా బల్ల దగ్గర ఇరవై మందీ ప్రతి చొక్కాకీ ముడి వెయ్యడం మొదలుపెట్టారు. రోజుకి ఆరేడు వందల చొక్కాలు వెళ్ళేవి, ఆరేడు వందల ముళ్ళు వెళ్ళేవి. ఎర్రదారం ఇంతలా ఎలా అయిపోతోందని స్టోరు గుమాస్తా అడిగితే, ఎలుకలన్నారు. ఎర్రదారం ఒక్కటే ఎత్తుకుపోయే ఎలుకలని ఆయన నమ్మాడంటే, ఆయనకీ సైన్యంలో ఎవరో ఉండే ఉంటారు. ఈ సంగతి బల్ల దాటకూడదని ఇరవై మందీ ఒట్టేసుకున్నారు, దాటనివ్వలేదు కూడా.

కోడలికి కాలరమ్మ చెప్పలేదు. ఒట్టు ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్ల రాత్రి పడుకోబోయే ముందు, ముడి గట్టిగానే వేశారు కదా అత్తయ్యా అని అడిగేది. అందరికీ వేశామంటే ఆ ధైర్యం అందరికీ పంచిపెట్టినట్టవుతుంది, తన వంతుకి చిటికెడు కూడా మిగలదు. అందుకని, గట్టిగానే వేశాను పడుకో అనేది.

ఏడాది పాటు ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. తర్వాత గల్లంతైన వాళ్ళ ఆఫీసు నుంచి కార్డు వచ్చింది, ఆచూకీ తెలియలేదని. యుద్ధం అయిపోయింది. రైళ్ళ నిండా మనుషులు దిగారు. అత్తాకోడళ్ళు నెల రోజులు స్టేషన్‌కి వెళ్ళి, కళ్ళు కాయలు కాచేలా చూసి, తర్వాత వెళ్ళడం మానేశారు. మానేద్దామని ఇద్దరూ అనుకోలేదు. ఒక రోజు కోడలు చెప్పులు వేసుకోలేదు, అత్త అడగలేదు.

ఫ్యాక్టరీకి కొత్త పని వచ్చింది. సిపాయిల దగ్గర వెనక్కి తీసుకున్న చొక్కాల్ని విప్పి, బట్టకి రంగేసి, పిల్లల గౌనులూ పరుపు గలీబులూ కుట్టాలి. నంబరు పట్టీలు డిపోలోనే పీకేసి పంపేవాళ్ళు, ఏది ఎవరిదో తెలియదు. కాలర్ తిప్పగానే కంటికంటే ముందు బొటనవేలికే తెలిసేది ముడి. బతికి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు కూడా చొక్కాలు అప్పగించే వెళ్ళారు, కాబట్టి వచ్చిన ప్రతి చొక్కా చావు కబురు కాదు. కానీ కొన్నిటికి రంధ్రాలుండేవి. ఎంత ఉతికినా పోని మరకలుండేవి. ఇరవై మందీ ముందు ముడి కోసి తీసి, ఆ తర్వాతే కాలర్‌కి కత్తి పెట్టేవాళ్ళు. తీసిన ముళ్ళు దారాల చెత్తలో కలిసి దిళ్ళలోకి పోయేవి.

కోడలు కూడా అదే ఫ్యాక్టరీలో చేరింది. ఆమెది బొత్తాల బల్ల. అక్కడికి చొక్కా చేరేటప్పటికి కాలర్ ఉండేది కాదు. రెండు బల్లల మధ్య పది అడుగుల దూరం, అంతే. ఆ పది అడుగులు మూడేళ్ళపాటు ఆ పిల్లని కాపాడాయి.

ఆ మూడేళ్ళలో కోడలు ఏడవలేదు. అదే కాలరమ్మకి భయం. చెప్పిన పని చేసేది, పెట్టింది తినేది, మనిషి మాత్రం చిక్కి సగమైంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల కనపడని తాడుతో కట్టేసినట్టు ఆ గదిలో తిరుగుతుండేది. పై అంతస్తులో అద్దెకున్న గుమాస్తాకి కూడా రెండేసి మెట్లెక్కే పాడు అలవాటు ఉండేది. ఆయన సాయంత్రం వచ్చినప్పుడల్లా కోడలి చేతిలో పని ఆగేది, అడుగులు పైకి వెళ్ళిపోయాక మళ్ళీ సాగేది. కాలరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. తన చేతిలో పనీ ఆగేది మరి.

రంగుల షెడ్డులో ఒక మేస్త్రి ఉండేవాడు. కుంటికాలని సైన్యంలోకి తీసుకోలేదు. మోచేతుల దాకా నీలం రంగు, ఎంత రుద్దినా వదిలేది కాదు. భార్య విషజ్వరంతో పోయింది, పిల్లల్లేరు. ఒక రోజు టోపీ చేత్తో పట్టుకుని కాలరమ్మ దగ్గరికొచ్చి, తల దించుకుని, కోడలిని చేసుకుంటానని అడిగాడు. ఆవిడకి కోపం రావాలి, రాలేదు. మనిషి మంచివాడు, రంగొక్కటే వదలదు అనుకుంది. ఇంటికెళ్ళి, గోడ వైపు చూస్తూ కోడలికి చెప్పింది.

ఆయన సంగతి తెలిసేదాకా నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు అత్తయ్యా అంది కోడలు.

కాలరమ్మకి లోపల సంతోషమేసింది. ఆ సంతోషం ఎందుకో కూడా తెలుసు, కోడలు వెళ్ళిపోతే ఆ గదిలో తానొక్కతే. తన కోసం ఒక పడుచుపిల్లని కట్టేసుకుంటున్నానా అని ఆ రాత్రంతా తనని తాను తిట్టుకుంది. పొద్దున్న లేచి మామూలుగానే పనికి వెళ్ళింది.

ఇంకో మూడు వారాలకి ఆవిడ జ్వరంతో పడిపోయింది. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. మూడో రోజు కూడా సీటు ఖాళీగా ఉంటే కొత్తవాళ్ళకి ఇచ్చేస్తారు, ఇంటి మనిషి వచ్చి కూర్చుంటే సీటు పోదు. ఈ రోజుకి మీ సీట్లో నేను కూర్చుంటాను అత్తయ్యా అంటే, మంచం మీంచి ఊఁ అంది. ఒంటి మీద తెలివి ఉండి ఉంటే ఆ మాటే అననిచ్చేది కాదు. కళ్ళు తెరిచి ఏమన్నానో గుర్తు తెచ్చుకునేటప్పటికి కోడలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చింది. శాలువా కింద చొక్కా. మంచం చివర కూర్చుని ఒళ్ళో పరిచి, కాలర్ తిప్పి ముడి చూపించింది. మొదటి మూటలో మొదటి చొక్కా. పక్కనే కాపలాగా కూర్చున్న గడియారం ఇంకో మూట తేవడానికి వెళ్ళిన రెండు నిమిషాల్లో జరిగిపోయింది. ఎడమ రొమ్ము కింద వేలు దూరేంత రంధ్రం, దాని చుట్టూ టీ రంగు మరక. సైజు కూడా వాడి సైజే. సైన్యంలో సగం మందిది అదే సైజు, కానీ ఆ మాట ఆ పిల్లకి ఎవరు చెప్పాలి?

"ఆయన ఇక రారు అత్తయ్యా" అంది.

ఒక్క మాట చాలు. ఆ ముడి అందరికీ వేశామే పిచ్చిదానా అంటే చాలు. ఆవిడ నోరు తెరిచింది కూడా. అప్పటికే కోడలు చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది. మూడేళ్ళుగా రాని ఏడుపు, గోడలు దద్దరిల్లే ఏడుపు, కింద దుకాణంలో రొట్టెలు చేసేవాళ్ళు పని ఆపి పైకొచ్చారు. ఏడవనీ, ఏడ్చాక చెప్తానులే అనుకుంది కాలరమ్మ. ఏడ్చి ఏడ్చి, కోడలు తానే లేచి గిన్నె తీసుకుని కడుపు నిండా తిన్నది. పట్టపగలు పడుకుని సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. లేచాక చెప్తానులే అనుకుంది. లేచాక ఆ ముఖం చూస్తే, తాడు ఎవరో కోసేసినట్టుంది. ఆ సాయంత్రం పై అంతస్తు గుమాస్తా రెండేసి మెట్లెక్కుతూ వెళ్ళినప్పుడు, కోడలి చెయ్యి ఆగలేదు.

పెద్ద పెద్ద త్యాగాలు గుండె మీద చెయ్యేసుకుని, నిర్ణయం తీసుకుని చేస్తారని అనుకుంటాం. కాలరమ్మ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఒక పూట వాయిదా వేసింది, ఇంకో పూట వేసింది, మూడో పూటకి అది అబద్ధమై కూర్చుంది.

మర్నాడు జ్వరంతోనే గోడలు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది, కోడలు ఆ సీట్లో ఇంకో చొక్కా చూడకుండా. బల్ల దగ్గర అందరికీ సంగతి తెలిసిపోయింది. ముళ్ళ మాట ఆ పిల్ల చెవిన పడనివ్వకండి అని చేతులు పట్టుకుని అడిగింది. పద్దెనిమిది మంది తలూపారు. గడియారం ఊపలేదు. ఆవిడ కొడుకు కూడా గల్లంతే, ఆవిడ దగ్గరా అలాంటి కార్డే ఉంది.

"బతికున్నాడో లేడో తెలియని బిడ్డని నీ నోటితో చంపుతున్నావు అక్కా. రేపు ఆ ముడి చావు గుర్తని పేరుపడితే, మా వాడిని కూడా చంపినట్టే కదా."

కాలరమ్మ మూట ముందుకి లాక్కుని కూర్చుంది. సాయంత్రం సైరన్‌కి ముందు గడియారం, బల్ల దాటదులే, నీ పాపం నువ్వే మొయ్యి అంది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ అక్కా అని పిలవలేదు.

అసలు పరీక్ష నెల తర్వాత వచ్చింది. రంగుల మేస్త్రి మళ్ళీ అడిగాడు, ఈసారి కోడలు గోడ వైపు చూసి ఊరుకుంది. ఊరుకోవడం అంటే ఏమిటో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? కానీ గల్లంతైనవాడి భార్య ఇంకో పెళ్ళి చేసుకోవాలంటే, వాడు పోయాడని రుజువు కావాలి. రుజువంటే చొక్కా. చొక్కా వాడిదేనని చెప్పడానికి, కుట్టిన మనిషి సంతకం.

గల్లంతైన వాళ్ళ ఆఫీసు పాత బడి గదుల్లో ఉండేది. గోడకి ఇంకా నల్లబల్ల, దాని మీద ఎవరో చెరపని కూడిక లెక్క. కోడలి వాంగ్మూలం రాసుకుని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కాలరమ్మని లోపలికి పిలిచారు. గుమాస్తా ముసలాయన. మెల్లగా, విసుగు లేకుండా అడిగాడు.

"ఇది మీ అబ్బాయి చొక్కానేనని ఎలా చెప్తారమ్మా?"

"ముడి నేను వేసింది."

"ఇలాంటి ముడి ఇంకే చొక్కాకైనా ఉందా?"

కిటికీలోంచి కోడలు కనిపిస్తోంది. బెంచీ మీద కూర్చుని, కుంటుకుంటూ వచ్చిన మేస్త్రి ఏదో అంటే తలెత్తి వింటోంది.

"లేదు" అంది కాలరమ్మ.

ముసలాయన కలం కింద పెట్టాడు. ఒక్కటి చెప్పాలమ్మా, ఈ కాగితం మీద సంతకం పడితే మీ అబ్బాయి పేరు జాబితాలోంచి తీసేస్తాం అన్నాడు. ఇప్పటిదాకా ప్రతి నెలా శిబిరాలకీ ఆస్పత్రులకీ ఆ జాబితా వెళ్తోందట, ఇక ఆ పేరు వెళ్ళదట, ఎవరూ వెతకరట. ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకోవడానికి ఎంత టైముందని అడిగితే, ఎంత కావాలంటే అంత అన్నాడు పాపం. ఎంత టైమిచ్చినా ఆ పనికి చాలదు. నవమాసాలు మోసి కన్న తల్లి, చేతులారా పెంచిన తల్లి, అదే చేత్తో సంతకం పెట్టింది. కాలర్లు కుట్టిన చెయ్యి కదా, వంకర పోదు.

పెళ్ళి రిజిస్ట్రారు దగ్గర పావుగంటలో అయిపోయింది. పెళ్ళికూతురి తరఫు పెద్ద ఎవరని అడిగితే కాలరమ్మే ముందుకొచ్చింది. చుట్టం వరస ఏం రాయాలని గుమాస్తా తికమకపడితే, తల్లి అని రాసుకో నాయనా, అబద్ధమైతే నా లెక్కలో వేసుకో అంది. అందరూ నవ్వారు. గదికి తిరిగొచ్చి, తెర కట్టిన తాడు విప్పి, తలుపు గడియ పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ బతుకు విడ్డూరంగా గడిచింది. ఎదురుపడినవాళ్ళు, పోయినవాడితో మనం పోలేం కదా అని ఓదార్చేవాళ్ళు. తలూపేది. కొడుకు పోయాడని ఊరంతా నమ్ముతుంటే, నమ్మనిది తానొక్కతే. అంతకు ముందు వాడొస్తే ఇలా చేద్దాం, అలా చేద్దాం అని చెప్పుకోవడానికి కోడలైనా ఉండేది. ఇప్పుడు ఆశ కూడా దొంగసొమ్ములా దాచుకోవాల్సి వచ్చింది. గడియారంతో చెప్పుకుందామంటే ఆవిడ ముఖం తిప్పుకునేది. వాడు నిజంగా వస్తే? అది తలుచుకుంటే ఇంకా భయం. రావాలని కోరుకునేది, వస్తే ఏ ముఖంతో తలుపు తియ్యాలో తెలియక నిద్రపట్టేది కాదు. సాయంత్రం మెట్ల మీద అడుగులు వినపడితే సూది పట్టుకున్న చెయ్యి ఆగేది, పైకి వెళ్ళిపోయాక సాగేది.

బల్ల దగ్గర మాత్రం ఎవరి చొక్కా అయినా సరే, ముడి ఉందో లేదో అందరికంటే ముందు తానే తడిమేది. పక్కవాళ్ళు తీసినవి కూడా మళ్ళీ చూసేది. అంత చూసినా, కళ్ళు మసకబారుతున్నాయని, వేళ్ళు మొద్దుబారుతున్నాయని తానే ఒప్పుకోలేదు. చివరి ఏడాది కొన్ని కాలర్లని తెలియకుండానే ముడితో సహా, మెడపట్టీతో సహా విప్పి పంపేసింది. అవి రంగుల షెడ్డుకి వెళ్ళాయి.

కోడలికి పాప పుట్టింది. నాలుగో నెలలో ఒక రోజు మధ్యాహ్నం పాపని భుజాన వేసుకుని వచ్చింది. పాపని మంచం మీద పడుకోబెట్టి, సంచిలోంచి చిన్న గౌను తీసింది. మేస్త్రి పనికిరాని ముక్కలు ఇంటికి తెస్తే కుట్టిందట. మంచి నీలం. ఎంత బాగా కుట్టావే అంటూ కాలరమ్మ చేతిలోకి తీసుకుంది. మెడ దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

ముడి నీలంలో మునిగి నల్లబడిపోయింది. కోడలు సూదిమొనతో దాన్ని కాస్త విప్పి ఉంచింది. లోపల ఎరుపు ఎరుపుగానే ఉంది. సంచిలోంచి ఇంకో ముక్క తీసి పక్కన పెట్టింది. దానికీ ఉంది.

"ఒకటైతే ఏదో అనుకుందును" అంది. "ఎన్నున్నాయి అత్తయ్యా ఇలాంటివి?"

ఇక దాచేందుకు ఏముంది? అందరికీ వేశామని చెప్పింది. ఒట్టు గురించి చెప్పింది, ఎలుకల గురించి కూడా చెప్పింది. కోడలు అరుస్తుందని, కొడుతుందని కూడా అనుకుంది కాలరమ్మ. కొడితే బాగుండుననుకుంది.

"ఆ రోజు నేను చొక్కా తెచ్చినప్పుడే మీకు తెలుసు."

"తెలుసు."

"ఆఫీసులో సంతకం పెట్టినప్పుడూ తెలుసు."

"నువ్వు ఆ గదిలో ఎండిపోతుంటే చూడలేకపోయానమ్మాయ్. నీ మంచికే..."

"నన్ను అడగాల్సింది" అంది కోడలు. గొంతు పెంచలేదు. "నా మొగుడు, నా బతుకు. ఇలా ఉంది సంగతి, ఏం చేస్తావని నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే ఏమనేదానివి?"

కోడలు చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఆ పిల్లకి ఉత్తుత్తి మాటలు రావు.

"ఏమో. ఈయనంటే నాకు ఇష్టమే, పాపంటే ప్రాణం. అయినా ఆ రోజు ఏమనేదాన్నో తెలీదు. ఇక తెలిసే దారి కూడా లేదు."

కాలరమ్మ తల పైకెత్తలేకపోయింది. కట్టేసిన తాడు కోశాననుకుంది ఇన్నాళ్ళూ. కోసింది తాడు ఒక్కటే కాదు, ఆ పిల్ల నోట్లో మాట కూడా కోసేసింది. అది ఈ క్షణం దాకా తట్టనే లేదు. తట్టని తప్పుకి క్షమించమని ఎలా అడగాలి? రేపే ఆఫీసుకి వెళ్ళి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటాను, వాడి పేరు మళ్ళీ రాయిస్తాను అంది. కోడలు తల అడ్డంగా ఊపింది. ఆ ఆఫీసు పోయిన ఏడాదే మూసేశారు, మళ్ళీ బడి పెట్టారు, మా ఆయన గోడలకి రంగేయడానికి వెళ్ళొచ్చాడు అంది. జాబితా ఏమైందో ఎవరికీ తెలియదంది. ఈ సంగతి ఆయనకి తెలియకూడదు అని కూడా అంది. దాచడం మొదలైంది, ఈసారి ఈ పిల్ల వంతు.

కింద సాయంత్రం రొట్టెల వాసన మొదలైంది. పాప కదిలింది. కోడలు గౌను మడిచి సంచిలో పెట్టుకుంది, ముడి తియ్యలేదు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. రెండేసి మెట్లు.

ఇద్దరి తలలూ ఒకేసారి తలుపు వైపు తిరిగాయి. కోడలి చెయ్యి సంచి మీద అలాగే ఆగిపోయింది. అడుగులు గుమ్మం దాటి పై అంతస్తుకి వెళ్ళాయి, అక్కడ తలుపు తెరుచుకుని మూసుకుంది.

కోడలు పాపని ఎత్తుకుంది. ఏ తాడు తెంపడానికి కాలరమ్మ కన్నకొడుకుని కాగితం మీద చంపుకుందో, ఆ తాడు మళ్ళీ ఆ పిల్ల మెడకే పడింది, ఈసారి చంకలో బిడ్డ, ఇంట్లో మొగుడు ఉండగా. అది చూసి కాలరమ్మ గుండె చెరువైంది. అదే సమయంలో, రెండేళ్ళుగా ఒంటరిగా విన్న చప్పుడుని ఇంకో మనిషి కూడా విన్నందుకు లోపలెక్కడో కాస్త ఊరట కలిగింది. తర్వాత బతికినన్నాళ్ళూ ఆవిడ తనని తాను క్షమించుకోలేకపోయింది, సంతకానికి కాదు, ఆ ఊరటకి. కోడలు జాగ్రత్తగా ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది, కాలరమ్మ తలుపు గడియ పెట్టకుండా లోపలికొచ్చి కూర్చుంది.